మగ్గాలు నడుస్తుండాయి

మొన్న మహదేవపుర సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక కారు ఆగింది. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. పాట వినపడటం లేదు గానీ, లోపలి బేస్ దెబ్బ రోడ్డులోంచి నా సీటులోకి, సీటులోంచి నా వెన్నులోకి ఎక్కుతోంది. మామూలుగా అయితే ఆ కారువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని. నాకు చప్పుడంటే పడదు. ఆ రోజు మాత్రం స్టీరింగ్ మీదున్న నా కుడిచెయ్యి తనంతట తానే లేచి, పిడికిలి బిగించి, అటూ ఇటూ ఊగింది. "మగ్గాలు నడుస్తున్నాయి" అని ఆ సైగకి అర్థం. అది నాకు నేర్పిన మనిషి పోయాక ఒక వానాకాలం వచ్చి వెళ్లిపోయింది. లైటు పచ్చబడింది, వెనకాల హారన్లు మోగుతున్నాయి, నేను ఏడుస్తూనే గేరు వేశాను.

ఆవిడ నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ. బెంగళూరు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీల వెనకనున్న వీధిలో కింద ఆవిడా, ఆవిడ భర్తా, పైన నేను. నేను తెనాలి నుంచి ఉద్యోగం కోసం వచ్చినదాన్ని. పగలంతా ఇంట్లో కూర్చుని ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. ఆ పనికి నిశ్శబ్దం కావాలి. ఇల్లు చూపించిన బ్రోకరు కూడా దాన్నే పట్టుకున్నాడు. "ఓనర్ సార్‌కి చెవులు వినపడవు మేడం. టీవీ పెట్టరు, పిల్లాజెల్లా లేరు. ఈ సైడ్ ఇంత సైలెంట్ ఇల్లు మీకు దొరకదు."

సామాను దించుకున్న మర్నాడు పొద్దున్నే 'ఠంగ్ ఠంగ్' అని ఇల్లంతా మోగింది. మళ్లీ టిఫిన్ వేళకి మోగింది. మళ్లీ కాఫీ వేళకి. నాకు చిర్రెత్తుకొచ్చి కిందికి దిగాను.

మా మెట్లు ఇనప మెట్లు. వాటి పక్కన పొట్టిగా, గట్టిగా, ముక్కుకి రెండువైపులా బేసరులతో ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో పాత నాడె. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తుతుందే, ఆ చెక్క నాడె, రెండు కొసలకీ ఇనప మొనలు. దాంతో రెయిలింగుని కొడుతోంది. అట్టడుగు మెట్టు మీద ఆయన రెయిలింగుకి భుజం ఆనించి అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ అదురు భుజానికి తగలగానే తిరిగి చూశాడు. ఆవిడ ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టి కనుబొమలెగరేసింది. ఆయన లేచి లోపలికి నడిచాడు.

"ఆంటీ, కాస్త మెల్లగా కొట్టరూ! నాకు మీటింగు ఉంది!" అని అరిచాను.

"యాల అరుస్తావమ్మా? నా చెవులు బాగుండాయి. ఆయప్పకి నువ్వెంత అరిచినా ఇనపడదు. ఇంక ఎవురి కోసరం అరుస్తుండావు?" అంది చాలా నెమ్మదిగా. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఆంటీ గీంటీ వద్దు, పెద్దమ్మా అను. మొగం చూస్తే ఇంకా ఏమీ తిన్నట్టు లేదు. దా, దోసె పోస్తా" అంది. ఆ దోసె తిన్నాక గొడవ పెట్టుకునే మొహం నాకు లేకుండా పోయింది.

వాళ్లు నాలాగా మొన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. తాతలనాడే బెంగళూరు పేటలో స్థిరపడి పట్టుచీరలు నేసిన కుటుంబాలు. వీళ్లిద్దరూ పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, ఇంటి వెనక షెడ్డు వేసి పవర్‌లూములు పెట్టుకున్నారు. మగ్గాలు నడుస్తుంటే షెడ్డులో పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదట. అందుకని నేతగాళ్ల ఇళ్లలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారని, ఏ ఇంటి సైగలు ఆ ఇంటివని ఆవిడ చెప్పింది. "మాట అనేది నోట్లోనే ఉండాల్నా ఏంది?" అనేది ఆవిడ ఊతపదం. ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడేటప్పుడు కూడా ఖాళీగా ఉన్న చెయ్యి ఊరుకునేది కాదు. గ్యాసు అయిపోయిందని అవతలివాళ్లకి నోటితో చెబుతూ, ఇవతల చిటికెన వేలు లేపి తిప్పేది. షెడ్డులో నాడెలోని నూలు కండె అయిపోతే చేసే సైగ అది. ఇంట్లో కాఫీపొడి అయినా, చింతపండు అయినా, నా ఓపిక అయినా, అయిపోయినదానికల్లా అదే వేలు.

చెవుల్లో దూది పెట్టుకోమని ఆవిడ ఎంత చెప్పినా ఆయన వినలేదట. "మగ్గానికి జబ్బు చేస్తే చప్పుడులోనే తెలుస్తాది, చెవులు మూసుకుంటే ఎట్ల, అనేవాడమ్మా. మగ్గాలు బాగుండాయి. చెవులు పాయె." చెవికి మిషన్ కొనిపెట్టారు. దాన్ని పెట్టుకుంటే తలలో తగరపు డబ్బా దొర్లినట్టుందని తీసి అలమారలో పెట్టేశాడు. తన గొంతు తనకే వినపడక ఒకసారి కిరాణా కొట్టులో ఉప్పు ప్యాకెట్టు కోసం గట్టిగా కేకేశాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన నోరు తెరవలేదు. ఇంక ప్రపంచంలో ఆయన మాట తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

నేను వచ్చేనాటికి షెడ్డులో మగ్గాలు లేవు. గిట్టుబాటు కాక అమ్మేశారు, కొన్నవాళ్లు విడగొట్టి పాత ఇనుము కింద లారీలో వేసుకుపోయారు. షెడ్డులో ఎవరివో కార్టన్ పెట్టెలు నిండి ఉండేవి. ఆయన మాత్రం రోజూ ఒకసారి వెనక్కి వెళ్లి, షెడ్డు గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. ఏం చేస్తున్నాడని అడిగాను.

"గోడ సచ్చిపోయిండాదంట. రోజూ అదే చెప్తాడు" అంది ఆవిడ. "మగ్గాలు పోయినాక ఆయప్ప నవ్వలేదమ్మా. చేతులు కూడా సగం మాటలే మాట్లాడతాయి. నేను అడిగితే జవాబు చెప్తాడు, అంతే. తనుగా ఏమీ చెప్పడు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. వాటిని అలా చూడటం నాకదే మొదటిసారి.

ఒక ఆదివారం వాళ్ల బంధువుల పెళ్లి. హోసూరు రోడ్డులో కల్యాణ మంటపం, పొద్దున్నే ముహూర్తం. నా కారులో తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. ఆవిడ నెమలికంఠం రంగు పట్టుచీర, తలనిండా కనకాంబరాలు. ఆయన తెల్లపంచె, జరీ కండువా. మూతపడ్డ ఒక పాత ఫ్యాక్టరీ పక్కగా వస్తుంటే, ముందు సీటులో కూర్చున్న ఆయన ఉన్నట్టుండి డాష్‌బోర్డుని అరచేత్తో చరిచాడు. నేను ఉలిక్కిపడి బ్రేకు వేశాను. ఆయన దిగిపోయాడు. నేరుగా వెళ్లి ప్రహరీ గోడ మీద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిరిగి, పిడికిలి బిగించి అటూ ఇటూ ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"మగ్గాలు నడుస్తుండాయంట!" అని ఆవిడ కూడా దిగి పరిగెత్తింది.

లోపల నుంచి వస్తున్నది ఏమిటో నాకు తెలుసు. గేటుకి కట్టిన బ్యానరు కూడా కనిపిస్తోంది. ఆదివారం పొద్దున పూట రేవ్ అట. తాగుడు ఉండదు, కాఫీ ఇస్తారు, డీజే వాయిస్తాడు, మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసిపోతుంది. వారమంతా కుర్చీల్లో ముడుచుకున్న ఐటీ పిల్లలు అక్కడికి వచ్చి ఎగురుతారు. అయినా రేవ్ పార్టీ అంటే నాకు గుర్తొచ్చేవి పేపర్లో పోలీసులు పట్టుకున్న వార్తలే. "పెద్దమ్మా, అవి మగ్గాలు కావు, ఆగండి" అంటూ వెనకాల పరిగెత్తాను. వాళ్లు అప్పటికే గేటు దగ్గరున్న అమ్మాయిల చేత చేతికి కాగితపు పట్టీలు కట్టించుకుంటున్నారు. "అజ్జా, అజ్జి, బన్ని బన్ని!" అంటూ ఆ పిల్లలు ఆ తాతని, అవ్వని పెళ్లివారిని పిలిచినట్టు లోపలికి పిలిచేశారు.

లోపల పొగ, రంగుల లైట్లు, మనిషంత ఎత్తు స్పీకర్లు. నేను రెండు చెవులూ మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన జనాన్ని తోసుకుంటూ తిన్నగా స్పీకరు దగ్గరికి వెళ్లి, మగ్గం పక్కపట్టె మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేశాడు. తర్వాత దాని వెనక్కి వెళ్లి చూశాడు. వైర్లు తప్ప ఏమీ లేవు. రెండో స్పీకరు వెనక చూశాడు. హాలంతా కలియచూశాడు. మగ్గం లేదు, పోగు లేదు, బట్ట లేదు. ఆయన ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోవడం నేను చూశాను. ఎందుకు కారు ఆపానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

కానీ ఆయన స్పీకరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన కుడికాలు లేచి దిగింది. మళ్లీ లేచి దిగింది. చిన్నప్పుడు పేటలో గుంటమగ్గం మీద పని నేర్చుకున్న కాలు అది, తొక్కుడుకర్ర తొక్కుతోంది. తర్వాత భుజాలు కదిలాయి. కండువా జారిపోయింది. చుట్టూ ఉన్న పిల్లలు ఎగరడం ఆపి జాగా ఇచ్చి, కేకలు వేస్తూ ఆయన కాలు చూసి తమ కాలు వేయసాగారు. వాళ్ల కేకలు ఆయనకి వినపడవు. ఆయన కళ్లు తెరిచి ఆవిడ కోసం వెతికాడు. హాలుకి ఆ చివర స్పీకరు దగ్గర ఆయన, ఈ చివర నా పక్కన కొంగు నడుముకి బిగించుకుని ఆవిడ. మధ్యలో అంత జనం. ఇద్దరి చేతులూ లేచాయి.

ఆ హాల్లో చెవులు బాగున్నవాళ్లందరూ ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుచుకుంటున్నారు. అయినా సగం మాటలు అందక తలలూపుతున్నారు. వీళ్లిద్దరూ మాత్రం వాళ్ల తలల మీదుగా తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆయన చేతులు సగం మాటలు కాదు, మాట మీద మాట చెబుతున్నాయి. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, చేతులు ఖాళీ లేక కళ్లు తుడుచుకోవడం కుదరడం లేదు. నేనే నా కర్చీఫుతో తుడిచాను.

ఇంటికి వచ్చాక అడిగాను, అంతసేపు ఏం మాట్లాడుకున్నారని.

"బట్ట నేస్తాలేరే, మరి మిషన్లు యాల నడిపిస్తుండారు అని అడిగినాడమ్మా. నేనేం చెప్పేది? సుమ్నె అని చెప్పాల. దానికి మాకు సైగే లేదు!"

సుమ్నె అంటే ఊరికే అని. కన్నడంవాళ్లు మాటకి ముందొకటి, వెనకొకటి వేసుకునే మాట.

"అన్నాళ్లు షెడ్డులో ఉంటిమి గదా, సుమ్నె అనేది ఏదన్నా చేసుంటే గదా సైగ ఉండేదానికి? ఆడనే, అప్పటికప్పుడు కల్పించుకుంటిమి." రెండు అరచేతులూ పైకి తిప్పి, భుజాలెగరేసి, నాలుక కాస్త బయటపెట్టి చూపించింది. ఆ నాలుక అవసరమా అని అడిగాను. అది లేకపోతే వేరే అర్థం వస్తుందంది, ఖచ్చితంగా అబద్ధం.

అప్పటి నుంచి ఆదివారాలు మారిపోయాయి. ఒక వారం బొమ్మసంద్రలో, ఒక వారం వర్తూరు చెరువు అవతల ఏదో షెడ్డులో. వాళ్లకి ఫోన్‌లో వెతికిపెట్టి తీసుకెళ్లే డ్రైవరుని నేను. చెవుల్లో ఆవిడ ఇచ్చిన దూది, దాని మీద నా హెడ్‌ఫోను. ఆవిడ స్టీలు డబ్బాలో చిత్రాన్నం తెచ్చి ఓ మూల కుర్చీ వేసుకునేది. ఎగిరి అలిసిన పిల్లలకి అరచేతిలో ముద్ద పెట్టేది. పొగ మిషన్ అంటే మాత్రం కోపం. "ఈ పొగ యాలనప్పా, మా షెడ్డులో దుమ్మే నయం" అని డీజేకి వేలు చూపించి బెదిరించేది. డీజేని ఆవిడ మాస్టరు అనేది. మగ్గాలు బాగుచేసేవాణ్ణి వాళ్లు అలాగే పిలుస్తారు. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి తెలియకుండా జారుకుంటే మెచ్చుకునేది. "పాత పడుగు కొసకి కొత్త పడుగు అతికినట్టు కలిపినాడు చూడు, ముడి యాడుండాదో కనపడకుండా!"

ఆవిడ చెల్లెలు వచ్చి గోల పెట్టింది. "ఈ వయసులో ఆ పిల్లోళ్ల మధ్యన ఎగిరేది ఏందక్కా? మనోళ్లంతా ఆ పిల్లోళ్లు తీసి పెట్టిన వీడియో చూసి నవ్వుతుండారు."

"నవ్వనీ. ఆయప్ప నవ్వుతుండాడు, అది చూసినావా ఆ వీడియోలో?" అంది ఆవిడ. చెల్లెలు చూడలేదట. ఆవిడ ఫోను తెచ్చి చూపించింది. చెల్లెలు మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆవిడకి దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. పొగ మిషన్ వల్లే అనేది. డాక్టరు మాత్రం షెడ్డులో పీల్చిన దుమ్ము అన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, మెత్తబడవు అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు పక్కన నేనే ఉన్నాను. బయటికి వచ్చాక ఆయన 'ఏమన్నాడు?' అని చెయ్యి తిప్పి అడిగాడు. ఆవిడ రెండు అరచేతులూ పైకి తిప్పి, భుజాలెగరేసి, నాలుక బయటపెట్టింది. ఆయన నవ్వాడు. నేను కారు తాళం వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాను.

మర్నాటి సాయంత్రం మెట్ల మీద కాఫీ ఇచ్చి, "దా, నీకు మా మాటలు నేర్పిస్తా, పొద్దు పోతాది" అంది. అలా రోజూ పాఠం. తిన్నావా. కండె అయిపోయింది. మగ్గాలు నడుస్తుండాయి. పని అప్పగించే వేళ చేసే సైగ ఒకటుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ చేత్తోనే గుమ్మం వైపు చూపించాలి. "నేనుండా, నువ్వు పో" అని. అలిసిపోయిన మనిషిని ఇంటికి పంపి, తను ఆ మగ్గం దగ్గర నిలబడటానికి. "రోజూ పొద్దుగూకితే ఆయప్ప నాకు చెప్పేవాడు. ఈ మాట కోసరమే కాసుకోనుంటి" అనేది.

నాకు ఒక్కటే కొరుకుడు పడలేదు. రెండు చూపుడు వేళ్లూ కొక్కెంలా తగిలించి పుటుక్కున లాగితే "పోగు తెగింది" అని. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, ఇంకో చెయ్యి కావాలి, రమ్మని. దానికి జవాబు ఇవ్వకుండా ఉండకూడదట. ముందు ఎడమ అరచెయ్యి చూపించాలి, ఉండు అని. తర్వాత దాని మీద కుడిచేతి రెండు వేళ్లని నడిపించాలి, వస్తా అని. నేను ప్రతిసారీ ముందు వేళ్లు నడిపించి తర్వాత అరచెయ్యి చూపించేదాన్ని.

"అట్ల చేస్తే నేను పోతుండా, నువ్వు ఈడనే ఉండు అని అర్థం. చూసినోడు బెదిరిపోతాడు" అని నా చేతి మీద ఒకటి వేసేది. "కంప్యూటర్ కొట్టి కొట్టి చేతులు కొయ్యబారినాయి నీకు."

ఒకరోజు విసుగొచ్చి, "ఇప్పుడు ఇవన్నీ నాకెందుకు పెద్దమ్మా? మీరున్నారుగా" అన్నాను.

ఆవిడ దగ్గు తెరిపి ఇచ్చేదాకా ఆగి, చెప్పింది. "నేను పోతే ఆయప్పతో మాట్లాడేదానికి ఎవురుండారమ్మా? అన్నం ఎవురైనా పెడతారు. మాట ఎవురు పెడతారు? పోగు తెగింది అని చెయ్యి ఎత్తి, చూసేవాళ్లు లేక, ఆ చెయ్యి అట్లనే దించుకోవాల్నా? దానికే నేను సావలేకుండా ఉండాను."

ఆవిడ ముక్కు చీది, "ఊఁ, చెయ్యి. ముందు అరచెయ్యి" అంది.

ఆఖరికి ఐసీయూలో పెట్టారు. ముఖానికి మాస్కు. సాయంత్రం పూట కాసేపు అద్దం ఇవతల నిలబడి చూడనిచ్చేవారు. మిగతా పడకల వాళ్ల తాలూకు మనుషులు అద్దానికి ముఖం ఆనించి, ఏదో చెప్పబోయి, వినపడదని ఊరుకుని ఏడ్చేవారు. వీళ్లిద్దరికీ అద్దం ఒక లెక్కా! మోటారు కట్టేశావా, పాలవాడికి చెప్పావా, రాత్రి చారు పెట్టుకున్నావా, అన్నీ నడిచేవి. ఒకసారి నర్సు వచ్చి "అంకుల్ ఏమంటున్నారు మేడం?" అని నన్ను అడిగింది. చారులో ఉప్పెక్కువైందట అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, వెంటనే అటు తిరిగి కళ్లు ఒత్తుకుంది.

చివరి సాయంత్రం ఆవిడ చేతులు సరిగ్గా లేవలేదు. ఆయన వైపు చాలాసేపు చూసి, తర్వాత ఆయన వెనక నిలబడ్డ నన్ను చూసింది. రెండు చూపుడు వేళ్లూ కష్టపడి దగ్గరికి తెచ్చి తగిలించింది. లాగింది. నా వైపే చూస్తోంది. నాకు అర్థమైంది, పాఠం అప్పజెప్పమంటోంది. ముందు ఎడమ అరచెయ్యి చూపించాను. తర్వాత దాని మీద రెండు వేళ్లు నడిపించాను. మాస్కు వెనక ఆవిడ బుగ్గలు కదిలాయి. నవ్విందనుకుంటాను.

ఇదంతా ఆయన చూశాడు. కాసేపు అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత ఆ చెయ్యి తీసి గుండె మీద వేసుకున్నాడు. ఆ చేత్తోనే, మెల్లగా, గుమ్మం వైపు చూపించాడు.

నేనుండా, నువ్వు పో.

తెల్లవారేసరికి ఆవిడ పోయింది.

ఆ తర్వాత ఆయన చేతులు ఆగిపోయాయి. నేను రోజూ కిందికి వెళ్లేదాన్ని. ఐదు వేళ్లూ నోటి దగ్గర పెట్టి తిన్నావా అని అడిగితే తల ఊపేవాడు, చెయ్యి లేచేది కాదు. చెల్లెలు క్యారేజీ పంపేది, తినేవాడు. అట్టడుగు మెట్టు మీద రెయిలింగుకి భుజం ఆనించి కూర్చునేవాడు. కొట్టేవాళ్లు లేరు. ఇల్లు బ్రోకరు చెప్పినంత నిశ్శబ్దంగా ఉండేది. నాకా నిశ్శబ్దం భరించరానిదైపోయింది. మీటింగుల మధ్య చెవులు రిక్కించి, ఆ ఠంగ్ ఠంగ్ కోసం పిచ్చిదానిలా కాసుకునేదాన్ని. ఆవిడ నా మీద పెట్టుకున్న ఆశ వమ్మయిపోయిందనుకున్నాను. నాకు మాటలైతే వచ్చాయి. ఆయన నాతో మాట్లాడాలి కదా.

మహదేవపుర సిగ్నల్ దగ్గర చెయ్యి లేచిన ఆ రోజు నేరుగా ఇంటికి వచ్చాను. ఆయన మెట్టు మీదే ఉన్నాడు, అటు తిరిగి. లోపల కిటికీలో నాడె అలాగే ఉంది. తీసుకుని రెయిలింగు మీద కొట్టాను. ఠంగ్ ఠంగ్.

ఆయన గిరుక్కున తిరిగాడు. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. అంత వెలుగు. ఆ వెలుగులో నన్ను చూశాడు. చేతిలో నాడె చూశాడు. నేను కొట్టకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ కొట్టేశాను, ఇంక వెనక్కి తగ్గడం చేతకాక, పిడికిలి బిగించి అటూ ఇటూ ఊపాను. ఆయన మళ్లీ అటు తిరిగి కూర్చున్నాడు. నేను ఆదివారం పొద్దున్నే దిగి చూసేసరికి, తెల్లపంచె కట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు.

అదే బొమ్మసంద్ర ఫ్యాక్టరీ. గేటు దగ్గర అమ్మాయిలు "అజ్జా! అజ్జి ఎల్లి?" అని అడిగారు. అజ్జి ఏదీ అని. నేను తల అడ్డంగా ఊపాను. ఒకమ్మాయి ఆయన చేతికి పట్టీ కడుతూ, కట్టడం అయిపోయాక కూడా ఆ చెయ్యి కాసేపు పట్టుకునే ఉంది.

ఆయన స్పీకరు దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించాడు. నేను ఆవిడ కూర్చునే మూలన కుర్చీ వేసుకున్నాను. చిత్రాన్నం నేనే చేశాను, ముద్దయిపోయింది. పాటలు మారాయి. పిల్లలు ఆయన చుట్టూ జాగా వదిలి, దూరంగా, మెల్లగా ఎగురుతున్నారు. ఆయన కాలు లేవలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇంక ఇంటికి తీసుకెళ్దామని నేను డబ్బా మూత పెట్టేస్తున్నాను.

తల ఎత్తేసరికి ఆయన ఇటు తిరిగి ఉన్నాడు. ఈ మూలకే, ఈ కుర్చీకే చూస్తున్నాడు. రెండు చేతులూ తల మీదికి ఎత్తాడు, అంత జనంలోనూ కనపడేలా. చూపుడు వేళ్లు రెండూ తగిలించి ఉన్నాయి.

లాగాడు.

నేను లేచి నిలబడ్డాను. ముందు అరచెయ్యి చూపించాను. తర్వాత వేళ్లు నడిపించాను. చెవుల్లోని దూది తీసి పారేసి, ఆ చప్పుడులోకి దిగి, జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి నడిచాను. తెగిన పోగు ఎలా ముడి వెయ్యాలో ఆవిడ నాకు నేర్పలేదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.